ఎల్లన్న ఇంట్లో నూట ఎనభై

ఆ ఆదివారం పొద్దున ఎల్లన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పొగమంచు విడవకముందే పెరట్లోకి వెళ్ళి మిషన్‌తో నాలుగు దమ్ములు లాగాలి, అది చల్లారాక సజ్జ మీద దాచాలి, తలస్నానం చేసి, తెల్ల అంగీ తొడుక్కుని, మనుమరాలి కోసం గడప దగ్గర కూర్చోవాలి. ఇంతే. ఇంత చిన్న పథకం కూడా చెడిపోతుందా అని మీరు అడగవచ్చు. గోదావరిఖనిలో చెడిపోతుంది.

ఎల్లన్న భూమి లోపల బొగ్గు తవ్వే మనిషి. అక్కడివాళ్ళు దాన్ని గని అనరు, బాయి అంటారు. బాయిలోకి దిగేముందు పైన జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను, నిప్పురవ్వ పుట్టించే వస్తువు ఏదైనా సరే అక్కడ వదిలి దిగవలసిందే. అందుకని షిఫ్టంతా బీడీ లేకుండా ఎల్లన్న నిక్షేపంగా ఉండగలడు. పైకి వచ్చాకే ఉండలేడు. లోపల బిగబట్టిన కోరికంతా ఇంట్లో తీర్చుకునేవాడు. కర్టెన్లు, చద్దర్లు, చివరికి భార్య సారవ్వ కలిపే పచ్చిపులుసు కూడా బీడీ వాసన వేసేది.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, సంతోషి. మందమర్రికి ఇచ్చారు. తొలి పురుడు తల్లిగారింట్లో జరగాలని ఎవరు మాత్రం ఎరగరు. సంతోషి నిండు కడుపుతో వచ్చింది, రెండు రోజులుంది, మూడో రోజు దగ్గుకుంటూ సంచి సర్దుకుంది. "బాపు, నువ్వు బీడీ బందువెట్టేదాక నా బిడ్డను ఈ గడప తొక్కనియ్య" అని చెప్పి మరీ వెళ్ళింది. పురుడు అత్తగారింట్లోనే అయింది. ఆ సంగతి తలుచుకుంటే సారవ్వకు ఇప్పటికీ వాడలో తలెత్తుకోబుద్ధి కాదు. ఎల్లన్న చూడటానికి వెళితే పాపను కిటికీ అవతలి నుంచి చూపించారు. దుప్పట్లోంచి ఒక పిడికిలి బయటికొచ్చి, గాలిలో దేన్నో పట్టుకోబోయి, మళ్ళీ లోపలికి పోయింది. ఆ పిడికిలి ఎల్లన్న కలల్లోకి రావడం మొదలుపెట్టింది. బాయిలో టోపీలైటు వెలుతురు ఎక్కడ పడితే అక్కడ అదే కనిపించేది.

అట్లా ఒకనాడు బీడీ మానేశాడు. మిగిలిన కట్టలన్నీ ఎర్రదారంతో కట్టి తన చేత్తోనే సారవ్వకు ఇచ్చాడు.

"గోదారిల పారేస్త" అంది సారవ్వ. "ఇనుకో. నీ నోట్లకెళ్ళి మల్ల పొగ వచ్చిన్నాడు నేను బిడ్డ దగ్గరికి పోత. మల్ల రాను."

అన్నంత పనీ చేసే మనిషి సారవ్వ. ఎల్లన్నకు అది పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

మానడం మాటతో అయిపోతుందా. చేతికి పని లేదు, నోటికి రుచి లేదు, రాత్రి నిద్ర లేదు. సారవ్వ తమ్ముడు ఉపేందర్ అదే బాయిలో ఎలక్ట్రీషియన్. ఫోనులో దొరకని వస్తువు లోకంలోనే లేదని నమ్మేవాడు. బావ అవస్థ చూడలేక, చౌరస్తాలో చాయ్ తాగుతూ ఫోను ముందు పెట్టాడు. పిడికిట్లో పట్టే నల్లటి మిషన్లు బారులు తీరి కనిపించాయి.

"బావా, గివి ఆకును కాలవెట్టయి. ఉడుకు చేస్తయి గంతే. పొగ రాదు, ఆవిరి వస్తది" అన్నాడు ఉపేందర్.

"ఏ ఆకు?"

"ఎండిన తులసి పెట్టుకో, నీలగిరి ఆకు పెట్టుకో. ఇదేం మందు కాదు మల్ల. బీడీ యాదికొచ్చినప్పుడు చేతుల పట్టుకునేతందుకు. ఇగో, ఒక రకంల ఆకు వేడి పళ్ళానికి ఆనుకొని ఉంటది, పెంక మీద రొట్టె లెక్క. ఇంకో రకంల వేడిగాలి ఆకుల నడిమికెళ్ళి పోతది. ఏది కావాలె?"

"గాలి పోయేదే తీస్కో. గాలాడకుంటే బాయిల మనిషే పని చెయ్యడు, ఆకేం చేస్తది. బ్యాటరీ ఎట్ల? టోపీలైటు లెక్క షిఫ్టంత వస్తదా?"

"రాదు బావా. నాలుగైదు మాట్ల వాడితే మల్ల చార్జింగ్ పెట్టాలె. గిది చూడు, సస్తగున్నది. కాని ఎంత ఉడుకెక్కిందో నంబర్లు కనపడయి."

"కనపడని దాన్ని నేను నమ్మ" అన్నాడు ఎల్లన్న. "నంబర్లున్నదే చెప్పు."

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. జరిగిన గోలంతా ఆ నంబర్ల వల్లే జరిగింది.

మిషన్ వచ్చిన రోజు ఎల్లన్న పచ్చి తులసి ఆకులు కోసి బొగ్గుట్రాము నింపినట్టు కుక్కాడు. అది కాసేపు వణికి, తడి ఆవిరి కక్కి, ఆగిపోయింది. ఉపేందర్ వచ్చి విడమరిచి చెప్పాడు. ఆకు నీడకు ఎండాలి. పొడి చేయకుండా చేత్తో నలపాలి. నిండా కుక్కకూడదు. నంబరు పైకెక్కి ఆగేదాకా ఓపిక పట్టాలి.

"బీడీ గుంజినట్టు గుంజకు బావా. సల్లగ గుంజాలె. నిద్రవోయే చంటిపోరి ఊపిరి లెక్క."

ఆ పోలిక ఎల్లన్నకు సరిగ్గా తగిలింది. ఇక తప్పు చేయలేదు. సంగతి మాత్రం సారవ్వకు చెప్పలేదు. ఆవిరికీ పొగకూ తేడా చెప్పి ఆమెను ఒప్పించేంత చదువు తనకు లేదని అతనికి తెలుసు. చాటలో తులసి ఆకులు ఎండుతుంటే సారవ్వ చూసి, ముసలితనంలో మొగునికి భక్తి పుట్టిందని పక్కింటి పోశవ్వకు చెప్పుకుని మురిసిపోయింది.

ఒక్క విషయం మాత్రం ఎల్లన్నను లోలోపల తొలిచేస్తోంది. బీడీ మాని రోజులు గడుస్తున్నా ఇంట్లో బీడీ వాసన పోవడం లేదు. "మల్ల తాగినవా" అని సారవ్వ రోజూ నిలదీస్తుంది. ఒట్టు వేస్తే నమ్మదు. కర్టెన్లు ఉతికాడు, దిండు దూది ఎండబెట్టాడు, గోడలకు సున్నం కొట్టాడు. అయినా మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి స్నానాలగది వైపు నుంచి అదే వాసన. ఇన్నేళ్ళ బీడీ తన ఎముకల్లోకి ఇంకిపోయిందేమో, ఇక తాను ఎంత కడుక్కున్నా పోదేమో, సంతోషి పాపను చేతికివ్వదేమో అని మనిషి నిజంగానే దిగులుపడ్డాడు.

అయినా ఆదివారం వచ్చింది. సంతోషి పాపను తీసుకుని వస్తానంది. "వాసనొస్తే మాత్రం ఆటో దిగను" అని ముందే చెప్పింది.

పొద్దున పెరట్లో ఎదురుగోడ కూడా కనిపించనంత మంచు. గోదావరి మీద నుంచి లేచి, బొగ్గు లారీల రోడ్డు దాటి, క్వార్టర్ల మధ్యకు వచ్చి పడుకున్నట్టుంది. ఎల్లన్న జామచెట్టు కింద నిలబడి మిషన్ బటన్ నొక్కాడు. నంబర్లు మెల్లగా ఎక్కాయి. నూట ఎనభై దగ్గర ఆగి, మిషన్ అరచేతిలో చిన్నగా జలదరించింది. కళ్ళు మూసుకుని లాగాడు, వదిలాడు. నోట్లోంచి వచ్చిన తెల్లదనం మంచులో కలిసిపోయింది. ఏది తనదో ఏది గోదావరిదో తెలియలేదు. ఆ తెలుపులోంచి ఒక పిడికిలి వచ్చి తన వేలు పట్టుకున్నట్టనిపించింది. చలి తెలియలేదు. ఊరు, బాయి, సైరన్ అన్నీ ఎక్కడో దూరంగా ఉన్నట్టున్నాయి. ఇంత సుఖం తనకు రాసిపెట్టి ఉందా అని ఎల్లన్నకు కన్నీళ్ళు కూడా వచ్చాయి.

తర్వాత వెనకగదిలోకి వచ్చి, స్టూలెక్కి, మిషన్‌ను సజ్జ మీద పాత రగ్గుల్లో దాచబోయాడు. ఇంకా వేడిగానే ఉంది. రగ్గు కాలుతుందని భయపడి, నంబరు దిగేదాకా దాన్ని పైకప్పు దగ్గర చేత్తో పట్టుకుని, తలెత్తి కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే కిటికీ అవతల సందులోంచి జగదీశ్వర్ పాలప్యాకెట్లతో వెళ్తున్నాడు. ఆయన బాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. గ్యాసు ఉందో లేదో చూసి, మనుషులను లోపలికి పంపడమో బయటికి తీయడమో సర్దారు పని. గ్యాసు తేలిక కనుక కప్పుకు అంటుకుని ఉంటుంది. కాబట్టి మీటరును మెల్లగా కప్పు దాకా ఎత్తి, నంబరు ఆగేదాకా కదలకుండా చూడాలి. ఉద్యోగం పొడుగునా ఆయన చేసింది అదే. ఇప్పుడు ఎల్లన్న చేస్తున్నదీ ఆయన కంటికి అచ్చంగా అదే. క్వార్టర్ల కింద పాత బాయి దారులున్నాయని, ఏదో ఒకనాడు గ్యాసు పైకి తన్నుతుందని ఆయన ఏళ్ళ తరబడి చెప్తున్నాడు. ఒక్కరు వినలేదు. జగదీశ్వర్ కిటికీ చువ్వలు పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఎల్లన్నా. ఎంతున్నది?"

ఎల్లన్న గుండె జారి చెప్పులో పడింది. దొరికిపోయాననే అనుకున్నాడు. "నూట ఎనభై దాక పోయింది అన్నా. ఇప్పుడు తగ్గుతున్నది. మెల్లగ మాట్లాడు, సారవ్వ ఇంటది."

జగదీశ్వర్ కళ్ళజోడు ఇంట్లో మరిచాడు. మధ్యలో చుక్క ఉండే ఉంటుందని తనే పెట్టుకున్నాడు. అంటే గాలిలో గ్యాసు నూటికి ఒకటి పాయింట్ ఎనభై. బాయిలో అంతకన్నా చాలా తక్కువకే మనుషులను బయటికి తీస్తారు.

"ఎన్నొద్దులసంది?"

"కొన్నొద్దులాయె. పొద్దుగాల ఒకమాటు, మాపటికి ఒకమాటు."

"సారవ్వకు ఎరుకేనా?"

"ఎరుకైతే ఇంట్ల ఉంటదా అన్నా. బిడ్డ దగ్గరికి ఉరుకుతది. నీ కాల్మొక్త, ఎవ్వరికి చెప్పకు."

జగదీశ్వర్‌కు అంతా అర్థమైంది. జనం బెదరకూడదని కంపెనీవాళ్ళు ఎల్లన్నతో గుట్టుగా గ్యాసు కొలిపిస్తున్నారు. పాపం, సొంత పెళ్ళానికి కూడా చెప్పుకోలేక లోపల కుమిలిపోతున్నాడు. "నువ్వు ఫికరు చెయ్యకు. నేను చూసుకుంట" అని, పాలప్యాకెట్లతోనే గబగబా వెళ్ళిపోయాడు. ఎంత మంచి మనిషి అనుకుని ఎల్లన్న మిషన్‌ను జేబులో వేసుకున్నాడు.

స్నానానికి వెళ్తే స్నానాలగది గడియ వేసి ఉంది. లోపల సారవ్వ ఉన్నట్టుంది. ఎల్లన్న ముందుగదికి వచ్చి మంచం మీద కూర్చుని దిండును పాపలా ఎత్తుకోవడం అలవాటు చేసుకోసాగాడు. తల ఏ చేతి మీద ఉండాలి, కాళ్ళెటు ఉండాలి, నవ్వితే ఏం చేయాలి, ఏడిస్తే ఎవరికివ్వాలి. దిండుతో అతనికి పేచీ ఏమీ రాలేదు. బయట సన్నగా ఎండ వస్తోంది. వంటింట్లో కోడికూర ఉడుకుతోంది.

విజిల్ మోగింది. జగదీశ్వర్‌ది, సర్దారుగా ఉన్నప్పటి విజిల్.

"బయటికి రాండ్రి. పొయ్యిలు బందు చెయ్యుండ్రి. స్విచ్చులు ముట్టకుండ్రి, మెయిన్ నేను తీసిన. గ్యాసు వచ్చింది. ఉరుకకుండ్రి, జల్ది నడువుండ్రి."

ఆ ఊళ్ళో గ్యాసు అనే మాటకు ఎదురుప్రశ్న ఉండదు. వరుసంతా నిమిషంలో రోడ్డెక్కింది. ఎల్లన్న పొయ్యి ఆర్పి, స్నానాలగది తలుపు దబదబా బాదాడు. "సారవ్వా, జల్ది రా. గ్యాసట." లోపల ఏదో కింద పడింది. కాసేపటికి సారవ్వ రొండిలో వక్కలసంచి దోపుకుంటూ బయటికి వచ్చింది. జుట్టు పొడిగా ఉంది. అడిగే తీరిక ఎల్లన్నకెక్కడిది. ఆమెను ముందు పంపి పక్కింట్లోకి దూరి, పోశవ్వను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. దిండుతో చేసిన సాధన అట్లా పనికొచ్చింది.

"నన్నెందుకు ఎత్తుతవ్‌రా, నాకు కాళ్ళు లేవా" అని పోశవ్వ దారి పొడుగునా అతని వీపు మీద గుద్దుతూనే ఉంది.

అందరూ కాలనీ మైదానంలో పోగయ్యారు. జగదీశ్వర్ తువ్వాల పరిచాడు. "బీడీలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అన్ని ఇండ్ల వెయ్యుండ్రి. బాయిల కాయిదానే ఇక్కడ గూడ." మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వేశారు. భార్యల ముందు ఎన్నడో మానేశామన్నవాళ్ళ జేబుల్లోంచి కూడా వచ్చాయి. ఎల్లన్న ఖాళీ జేబు తిరగేసి చూపించి, ఛాతీ కాస్త ముందుకు పెట్టి నిలబడ్డాడు. రెండో జేబు సంగతి ఎవరూ అడగలేదు.

"అయినా అన్నా, గ్యాసు ఎవలు చూసిండ్రు?" అన్నాడు.

జగదీశ్వర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకా దాచుడెందుకు ఎల్లన్నా. నువ్వే గద. నూట ఎనభై అన్నది నువ్వే గద."

ఎల్లన్నకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. వాడంతా పొయ్యిలార్పి, కరెంటు తీయించి, పసిపిల్లలతో చలిలో నిలబడింది తన తులసి ఆకు కోసం. నోరు విప్పితే సారవ్వ పోతుంది, వాసన లేని మనిషినని చెప్పుకునే వీలూ పోతుంది. విప్పకపోతే ఏమవుతుంది, కాసేపు చూసి అందరూ ఇళ్ళకు వెళ్తారు. ఊరుకుందామనే అనుకున్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, చాలా గట్టిగా అనుకున్నాడు.

అప్పుడే మలుపు దగ్గర ఆటో ఆగింది. సంతోషి, ఆమె ఒళ్ళో దుప్పటిమూట. జగదీశ్వర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"బిడ్డా, దిగకు. ఇక్కడ గ్యాసున్నది. పసిపోరికి మంచిది కాదు. అట్లనే మందమర్రికి మర్లిపో."

సంతోషి ముఖం పాలిపోయింది. ఆటోవాడు బండి తిప్పాడు. దుప్పటిమూటలోంచి ఆ పిడికిలి మళ్ళీ బయటికొచ్చింది.

"ఆపు" అన్నాడు ఎల్లన్న. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గ్యాసు లేదు, గీసు లేదు. ఆటో ఆపు." జేబులోంచి మిషన్ తీసి అందరి ముందూ ఎత్తి పట్టుకున్నాడు. "ఇది మీటరు కాదు. బీడీకి బదులు తెచ్చుకున్న. తులసాకు ఉడుకైతది, ఆ ఆవిరి గుంజుత. నూట ఎనభై అంటే దాని ఉడుకు. తప్పు నాదే."

"జనం బెదురుతరని గట్లంటున్నడు" అన్నాడు జగదీశ్వర్, కళ్ళలో నీళ్ళతో.

ఎల్లన్నకు ఇక వేరే దారి లేదు. బటన్ నొక్కాడు. నంబర్లు ఎక్కుతుంటే జనం అడుగడుగూ వెనక్కి జరిగారు. నూట ఎనభై దగ్గర మిషన్ జలదరించింది. ఎల్లన్న ఒకసారి ఆటో వైపు చూసి, చంటిపిల్ల ఊపిరంత మెల్లగా లాగి వదిలాడు. జలుబు చేసిన ఇంట్లో ఆవిరి పట్టినట్టు తులసి వాసన మైదానంలో పరుచుకుంది. జగదీశ్వర్ ముక్కు ఎగబీల్చాడు. మళ్ళీ ఎగబీల్చాడు. ఆయన ముఖంలో ఒక గొప్ప విపత్తు మెల్లగా చచ్చిపోయింది.

సారవ్వ మాత్రం అందుకుంది. "చూసినవా బిడ్డా. నేను చెప్తనే ఉన్న. ఇల్లంత బీడీ కంపు ఎక్కడిదంటే ఒట్లు పెట్టిండు. ఇగో, అందరి ముందట పొగ ఇడిసిండు. నడువు, నేను గూడ నీతోనే మందమర్రి వస్త."

ఎల్లన్న తలవంచుకున్నాడు. అంతా అయిపోయింది అనుకున్నాడు.

"ఓ సారవ్వా" అంది పోశవ్వ నిదానంగా. "ఆయన నోట్లది పొగ కాదన్నడు గని, మరి నీ రొండిలకెళ్ళి వచ్చేది ఏంది?"

అందరూ చూశారు. సారవ్వ నడుము దగ్గర నుంచి నీలంగా, సన్నగా, ముమ్మాటికీ పొగే లేస్తోంది. అచ్చమైన బీడీ పొగ. సారవ్వ కిందికి చూసుకుని, కెవ్వుమని వక్కలసంచి లాగి విసిరేసింది. జగదీశ్వర్ పాలప్యాకెట్ పళ్ళతో కొరికి దాని మీద కుమ్మరించాడు. కనీసం ఆ పూట ఆయన ఆర్పడానికి ఒక నిప్పు దొరికింది. కాలిన సంచిలోంచి వక్కలతో పాటు సగం తాగి హడావిడిలో సరిగ్గా నలపని బీడీ ఒకటి, ఎర్రదారం కట్టిన బీడీకట్ట ఒకటి బయటపడ్డాయి. ఆ ముడి ఎల్లన్న వేసిందే.

సారవ్వ తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"పారేద్దామనే పోయిన" అంది చివరికి, నేల చూపులు చూస్తూ. "బ్రిడ్జి దాక పోయిన. ఇండ్ల ఏమున్నదని ఈ మనిషి ఇన్నేండ్లు గుంజిండో చూద్దామని ఒక్కటి ముట్టిచ్చిన."

"మరి కట్టలన్ని?" అంది సంతోషి.

"ఒక్కదాంట్ల తెలువలేదు బిడ్డా."

ఎల్లన్నకు కోపం రావలసింది. రాలేదు. ఎముకల్లో ఇంకిందనుకున్న వాసన తనది కాదని తెలిసి ఒళ్ళంతా తేలికైపోయింది. సంతోషి ఆటో దిగి నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది. వంగి అతని అంగీ వాసన చూసింది, చేతులు వాసన చూసింది, గడ్డం దగ్గర కూడా చూసింది. తర్వాత దుప్పటిమూట అతని చేతుల్లో పెట్టింది. దిండు కన్నా చాలా తేలిక. పిడికిలి బయటికొచ్చి, వెతికి, ఎల్లన్న చూపుడువేలు దొరకబుచ్చుకుంది. చుట్టూ జనం బీడీలు, లైటర్లు వెతుక్కుంటున్నారు, ఎవరి కూర మాడిందో ఎవరి అన్నం చెడిందో తిట్టుకుంటున్నారు. ఎల్లన్నకు అదంతా ఏదో పక్కఊరి గొడవలా వినిపించింది.

సారవ్వ ఆశగా చేతులు చాపింది. "నువ్వు తానం చేసిరా అవ్వా. ఈసారి నీళ్ళతోని" అంది సంతోషి.

ఆ సాయంత్రం ఉపేందర్‌కు అక్క దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, మీ బావకున్నసొంటి మిషనే నాకొకటి తెప్పియ్యి" అంది సారవ్వ గుసగుసగా. "నంబర్లు కనపడని రకం."